రెండేసి ఉన్న మెషీన్ సామాన్లలో ఏవి ఉంచుకోవాలి, ఏవి ఇచ్చేయాలి

తమ్ముడూ, నువ్వు రాసింది పూర్తిగా చదివాను. మీ పెదనాన్నగారు షెడ్డు మూసేశారు. మెషీన్లు అమ్ముడుపోయాయి, వాటి సామాన్లు మాత్రం రెండు ఇనప పెట్టెల నిండా నీకు ఇచ్చారు. టేబుల్ సా బ్లేడ్లు, చెక్కని కోణంలో పట్టి తోసే యాంగిల్ గేజ్, గాడులు తీసే రూటర్ బిట్లు, ఆ బిట్ కాడని పట్టుకునే కోలెట్లు, డ్రిల్ చక్‌లు, చెక్క లేత్ చక్. నీ దగ్గర ముందే ఒక సెట్టు ఉంది. షెడ్డేమో 12 అడుగులకి 15 అడుగులు. "అన్నా, అన్నీ రెండేసి అయ్యాయి. కొత్తవి ఉంచుకుని పాతవి అమ్మేయనా?" అని అడిగావు.

ముందు ఆ కొత్తవి, పాతవి అన్న లెక్క పక్కన పెట్టు. ఎంత పెట్టి కొన్నాం అన్న లెక్క కూడా వద్దు. మెషీన్ సామానుకి దానంతట దానికి విలువ లేదు. నీ మెషీన్ మీద ఆట, అంటే అటూ ఇటూ కదలడం, లేకుండా కూర్చుంటే అది బంగారం, కూర్చోకపోతే తూకానికి వేసే ఇనుమే. పైగా కూర్చోనిది పెట్టెలో ఉంటే ఏదో ఒక రోజు తొందరలో దాన్నే తీసి బిగిస్తాం. అసలు ప్రమాదం అక్కడే. అందుకే నేను ఏ సామాను రెండోది ఉంచాలన్నా రెండే కారణాలు చూస్తాను. ఒకటి, మొదటిది సానకి వెళ్ళినప్పుడు పని ఆగకూడదు. రెండు, ఒకసారి కష్టపడి సెట్ చేసుకున్నదాన్ని విప్పకుండా ఉంచుకోవాలి. ఈ రెండిట్లో ఏదీ లేకపోతే ఆ రెండోదానికి నా షెడ్డులో చోటు లేదు.

కాబట్టి పెట్టెలు విప్పే ముందు నీ మెషీన్లని కొలువు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ లేకపోతే ఒకటి కొను, అటకెక్కించడానికి కాదు, రోజూ జేబులో ఉండడానికి. టేబుల్ సా షాఫ్ట్ ఎంత? 25.4 మిల్లీమీటర్లా, 25 ఆ, 30 ఆ? ట్రిమ్మర్, అదే చిన్న రూటర్, దాని కోలెట్ 6 మిల్లీమీటర్లా, పావు అంగుళమా? పెద్ద రూటర్ ఉంటే దానికి 12 మిల్లీమీటర్లా, అర అంగుళమా? లేత్ స్పిండిల్ మీద మర ఏ సైజు, అంగుళానికి ఎన్ని చుట్లు? టేబుల్ సా బల్ల మీద గేజ్ జారే గాడి వెడల్పెంత, లోతెంత? ఇవన్నీ ఒక అట్టముక్క మీద రాసి గోడకి కొట్టు. సగం నిర్ణయాలు ఆ అట్టముక్కే చేసేస్తుంది.

బ్లేడ్ల సంగతి చూద్దాం. 25.4 హోలు ఉన్న బ్లేడు 25 షాఫ్ట్ మీదికి హాయిగా ఎక్కుతుంది, నట్టు కూడా బిగుస్తుంది. చూడ్డానికి ఏ తేడా కనపడదు. కానీ మధ్యలో 0.4 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. బ్లేడు కొంచెం ఒక పక్కకి జారి బిగుసుకుంటుంది. అప్పుడు 40 పళ్ళ బ్లేడులో పని చేసేది ఒక వైపు పళ్ళే, మిగతావి గాల్లో తిరుగుతుంటాయి. కోత గరుగ్గా వస్తుంది, ఆ కొన్ని పళ్ళు తొందరగా మొద్దుబారతాయి, మనం బ్లేడు బాగాలేదని తిట్టుకుంటాం. 30 హోలు బ్లేడుకి హోలు తగ్గించే బుష్, అంటే రింగు, వేసి వాడొచ్చు. అయితే ఆ బుష్ బ్లేడు రేకు మందాన్ని దాటి బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే బ్లేడుని పక్కనుంచి నొక్కి పట్టే ఫ్లాంజ్ బుష్‌ని పట్టుకుంటుంది గానీ బ్లేడుని పట్టుకోదు.

తర్వాత కోత మందం. దీన్ని చాలామంది చూడరు. నీ టేబుల్ సాకి బ్లేడు వెనక నిలబడే రేకు, రైవింగ్ నైఫ్, ఉంది కదా. అది బ్లేడు ఒంటి మందం కంటే కొంచెం ఎక్కువ, పళ్ళు కోసే వెడల్పు కంటే కొంచెం తక్కువ ఉండాలి. మామూలు బ్లేడు 3.2 కోస్తుంది, దానికి 2.5, 2.8 రేకు సరిపోతుంది. పెదనాన్నగారి పెట్టెలో 2.2, 2.4 కోసే పల్చటి బ్లేడ్లు ఉండొచ్చు. అవి కోసిన గాడిలోకి నీ 2.8 రేకు దూరదు. చెక్క మధ్యలో ఇరుక్కుంటుంది. ఇరుక్కోగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఆ రేకు విప్పేయడం. ఆ రేకు లేని మెషీన్ మీద టేకు పలక నిలువునా కోస్తుంటే, కోసిన రెండు ముక్కలు దగ్గరకొచ్చి వెనక పళ్ళని నొక్కుతాయి, చెక్క మన మీదికే తన్నుకొస్తుంది. కాబట్టి నీ రేకుకి సరిపోని బ్లేడు ఎంత పదునున్నా ఉంచకు. ఈ ఒక్క విషయంలో నేను బేరం ఆడను.

ఈ జల్లెడ దాటిన బ్లేడ్లలో ఏవి ఉంచాలంటే, నీ పనిని బట్టి. నిలువు కోతకి 24 పళ్ళది, అన్నిటికీ వాడే 40 పళ్ళది, ప్లైవుడ్, సన్‌మైకా అంచు చిట్లకుండా 80 పళ్ళది. ఎక్కువ వాడేది ఏదో దానికి మాత్రమే రెండోది ఉంచు. నువ్వు టేకు ద్వారబంధాలు, తలుపులు ఎక్కువ చేస్తానన్నావు. టేకులో సిలికా ఉంటుంది, చాలా గట్టిదైన కార్బైడ్ పన్నుని కూడా అరగదీస్తుంది. కాబట్టి 24ది రెండు ఉంచుకో, ఒకటి సానకి వెళ్తే ఇంకొకటి మెషీన్ మీద ఉంటుంది. 80 పళ్ళది ఒక్కటి చాలు.

ఒక మాట, మొద్దుబారిందని బ్లేడుని వెంటనే పక్కన పడేయకు. చాలాసార్లు అది మొద్దు కాదు, బంక. పళ్ళ పక్కన గోధుమరంగులో పేరుకుని ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో బట్టల సబ్బు పొడి కలిపి, అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, బాగా తుడిచి ఆరబెట్టి నూనె రాయి. ఆ తర్వాత బొటనవేలి గోరు మీద పన్ను మొనని మెల్లగా ఆనించి చూడు. గోరుని పట్టుకుంటే పదునుంది, జారిపోతే సానకి పంపు. పళ్ళ మధ్య లోయలో వెంట్రుకంత బీట కనపడితే మాత్రం ఎవరికీ ఇవ్వకు, అమ్మకు. సుత్తితో వంచి తూకానికి వేయి. మనం వంచకుండా పడేస్తే ఎవరో ఒకరు తెచ్చి బిగిస్తారు.

ఇక రూటర్ బిట్లు. ఇక్కడ నాకు జరిగింది చెప్పాలి. 2009లో ఒక ఇంటికి టేకు తలుపులు చేస్తున్నాను. అప్పట్లో నా దగ్గర రెండు రకాల బిట్లు ఒకే డబ్బాలో ఉండేవి, 6 మిల్లీమీటర్ల కాడవి, పావు అంగుళం కాడవి. పావు అంగుళం అంటే 6.35. కంటికి రెండూ ఒకటే. పావు అంగుళం కోలెట్‌లో 6 మిల్లీమీటర్ల బిట్ పెట్టి బిగించాను. స్పానర్ ఆగేదాకా బిగిసింది, చేత్తో లాగితే రాలేదు. తలుపు పలక మీద 8 మిల్లీమీటర్ల లోతు గాడి తీయడం మొదలుపెట్టాను. మొదటి అడుగు బాగానే ఉంది. తర్వాత శబ్దం మారింది, మోటారు బరువెక్కినట్టు. చెక్క గట్టిగా ఉందేమో అనుకుని అలాగే తోశాను. ఆపి చూస్తే గాడి చివర 12 మిల్లీమీటర్ల లోతుంది. బిట్ కొంచెం కొంచెంగా కోలెట్‌లోంచి కిందికి జారుతూ వచ్చింది. ఆ పలక నా సొంత కర్రతో మళ్ళీ చేసిచ్చాను. బిట్ బయటికి తీసి చూస్తే కాడ చుట్టూ స్క్రూ మరలాగా చుట్లు తిరిగిన నల్లటి గీత. పలక పోయినందుకు బాధపడ్డాను గానీ, ఆ రోజు బిట్ పూర్తిగా ఊడి ఎగిరి ఉంటే నా చెయ్యో, పక్కన పట్టుకున్న కుర్రాడి కన్నో ఏమయ్యేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే నీకు గట్టిగా చెప్తున్నాను. కంటికి ఒకేలా కనపడే రెండు సైజుల కాడలు ఒక షెడ్డులో ఉంచకు. నీ ట్రిమ్మర్ కోలెట్ 6 అయితే, 6.35 బిట్లు ఎన్ని మంచివున్నా ఇచ్చేయి. పెదనాన్నగారి సెట్టు పెద్దది, మంచిది అయ్యి, ఆయనవన్నీ పావు అంగుళమే అయితే, నీ ట్రిమ్మర్‌కి దాని కంపెనీదే పావు అంగుళం కోలెట్ దొరుకుతుందేమో కనుక్కో. దొరికితే ఆ కోలెట్ కొని నీ 6వి ఇచ్చేయి. అంటే ఇక్కడ ఒక్కో బిట్‌ని చూసి నిర్ణయించకూడదు, మొత్తం సైజుని చూసి నిర్ణయించాలి. పెద్ద రూటర్‌కి 12, అర అంగుళం అంటే 12.7, అక్కడా ఇదే మాట.

ఏ సైజు అనేది తేలాక, ప్రతి బిట్ కాడనీ వెలుతురులో తిప్పి చూడు. నేను చెప్పిన నల్లటి గీత, గీరుకున్న మచ్చ, గంటు ఉంటే వద్దు. ఆ కాడ మంచి కోలెట్‌ని కూడా పాడు చేస్తుంది. బేరింగ్ ఉన్న బిట్ అయితే పదును బాగుంటే చాలు, బేరింగ్ బిర్రుగా ఉన్నా ఉంచు, అది మార్చుకోవచ్చు. రౌండింగ్, స్ట్రెయిట్ బిట్ల లాంటి రోజూ వాడేవి రెండేసి ఉంచుకోవచ్చు. ఏడాదికోసారి కూడా వాడని పెద్ద మోల్డింగ్ బిట్లు రెండోది వద్దు. పైగా 50 మిల్లీమీటర్ల బిట్‌ని వేగం తగ్గించలేని ట్రిమ్మర్‌లో ఎప్పుడూ పెట్టకూడదు, దానికి స్పీడ్ కంట్రోల్ ఉన్న పెద్ద రూటరే కావాలి.

కోలెట్ల విషయంలో మాత్రం పాతది వద్దంటాను. కోలెట్ అరిగే వస్తువు. మూతి దగ్గర గంటలా విచ్చుకుంటుంది, చూస్తే తెలియదు. చాలాసార్లు ఒక కంపెనీది ఇంకో కంపెనీ మెషీన్‌కి కుదరదు కూడా. పెదనాన్నగారి కోలెట్లు ఆయన రూటర్‌తో పాటే వెళ్ళిపోవాల్సినవి. ఆ రూటర్ కొన్నాయన ఎవరో తెలిస్తే ఆయనకే పంపించు, ఆయనకి పనికొస్తాయి.

యాంగిల్ గేజ్ దగ్గరికి వద్దాం. రెండిట్లో ఏది అందంగా ఉందో, ఏ దానికి అంకెలు మెరుస్తున్నాయో చూడకు. ముందు గాడిలో పెట్టి పక్కకి ఊపు. ఆట ఉందా? ఆట ఉన్నంత మాత్రాన తీసేయనక్కర్లేదు. ఇనప పట్టీ అయితే దాని పక్క అంచున జానెడు దూరంలో ఒక్కో సెంటర్ పంచ్ దెబ్బ వేస్తే అక్కడ లోహం కొంచెం ఉబ్బి గాడికి సరిపోతుంది. ఎక్కువైతే ఆకురాయితో రుద్దుకోవచ్చు. కానీ పట్టీ వంగి ఉంటే దాన్ని వదిలేయి. టేబుల్ మీద పెట్టి కింద నుంచి వెలుతురు వస్తుందేమో చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత అసలు పరీక్ష. నాలుగైదు అంగుళాల వెడల్పు ఉన్న ప్లైవుడ్ ముక్క తీసుకో, రెండు అంచులూ సమానంగా ఉండాలి. గేజ్‌ని 90 దగ్గర బిగించి మధ్యలో కోసేయి. ఇప్పుడు ఒక ముక్కని బోర్లా తిప్పి, రెండు ముక్కల్నీ ఒక తిన్నటి పట్టీకి ఆనించి, కోసిన అంచులు రెండూ కలుపు. సందు లేకుండా కలిసిపోతే గేజ్ సరిగ్గా ఉంది. పైన గానీ కింద గానీ సందు కనపడితే, నీ తప్పు ఎంతో దానికి రెట్టింపు సందు అక్కడ ఉంటుంది. మూలమట్టం పెడితే కంటికి ఆనని తప్పు కూడా ఇలా దొరికిపోతుంది. సరిచేసి, బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ 90కి తెచ్చి, మళ్ళీ కోయి. మూడుసార్లూ ఒకేలా వచ్చిందే మంచి గేజ్. ఒకసారి సరిగ్గా వచ్చి రెండోసారి తప్పేది ఎంత ఖరీదైనదైనా పనికిరాదు.

రెండూ ఈ పరీక్ష నెగ్గితే? అప్పుడు రెండూ ఉంచుకో. నేను చెప్పిన రెండో కారణం ఇక్కడే పనికొస్తుంది. ఒకదాన్ని 90 దగ్గర బిగించి దానికి పొడవాటి చెక్క పట్టీ స్క్రూలతో కొట్టేసి ఇక కదపకు. రెండోది 45కి, మిగతా కోణాలకి తిప్పుకో. నా షెడ్డులో 90 గేజ్‌కి ఎర్ర రంగు పూశాను, దాని నాబ్‌ని ఎవరూ ముట్టుకోరు. ఫోటో ఫ్రేములు చేసే రోజుల్లో ఇది ఎంత సమయం మిగిల్చిందో చెప్పలేను.

డ్రిల్ చక్‌లు తేల్చడం సులువు. వెనక వాలుగా ఉండే భాగం, టేపర్, నీ డ్రిల్ స్టాండ్‌కి సరిపోవాలి, అంతే మొదటి షరతు. సరిపోతే ఒక తిన్నటి, నున్నటి ఉక్కు కడ్డీని బిగించి, చేత్తో మెల్లగా తిప్పుతూ పక్కన ఒక పెన్సిల్ మొన ఆనించి చూడు. కడ్డీ పెన్సిల్‌కి ఒకసారి దగ్గరై ఒకసారి దూరమైతే ఊగుతోందన్నమాట. తక్కువ ఊగేదాన్ని ఉంచు. తాళంచెవి పళ్ళు అరిగినా చక్ బాగుంటే చెవి కొత్తది కొనుక్కోవచ్చు.

లేత్ చక్ దగ్గర మాత్రం నెమ్మదిగా పని చేయి. స్పిండిల్ మర కలవకపోతే అడాప్టర్ దొరుకుతుంది గానీ, అడాప్టర్ వేసిన ప్రతిసారీ చక్ బయటికి జరిగి ఊగు పెరుగుతుంది. నేనైతే నేరుగా ఎక్కే చక్‌నే ఉంచుతాను. ఇక దవడలు. నాలుగు దవడల మీద 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి, చక్ ఒంటి మీద గాడుల పక్కన కూడా అవే అంకెలు. ఒక చక్ దవడలు ఇంకో చక్‌లో వేయకు, ఒకే చక్‌లో వరస కూడా మార్చకు. వరస తప్పితే నాలుగూ మధ్యలో కలవవు. రెండు పెట్టెల్లో సామాను ఇప్పటికే కలిసిపోయి ఉంటే, ఈ రాత్రికే కూర్చుని ఏ చక్ దవడలు ఆ చక్‌కి చేర్చి విడివిడిగా సంచుల్లో కట్టేయి. ఒక సెట్‌లో ఒక్క దవడ పోయినా ఆ సెట్టు పోయినట్టే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. చేతి ప్లేనర్ బ్లేడ్లు ఎక్కువగా 82 మిల్లీమీటర్లే ఉంటాయి, అవి ఎన్నున్నా ఉంచు, అరిగిపోయేవే కదా. కానీ జతలు విడగొట్టకు. సాన పట్టే రకమైతే రెండూ ఒకేసారి, ఒకే అంత పట్టించాలి. మెషీన్ తిప్పే పాత బెల్టుని వేళ్ళతో వెనక్కి వంచు, పగుళ్ళు కనపడితే పడేయి. కటింగ్ వీల్స్ మధ్యలో రేకు రింగు మీద వాటి గడువు నెల, ఏడాది ఉంటాయి. అది దాటినవాటిని బద్దలుకొట్టి పడేయి. గ్రైండింగ్ రాయిని వేలికి తగిలించి చెక్కపిడితో మెల్లగా కొట్టు, గంటలా మోగితే ఉంచు, బొంగురుగా పలికితే లోపల బీట ఉంది.

స్పానర్లు, బ్లేడు గార్డులు, చెక్క తోసే కర్రలు, సీ-క్లాంపులు మాత్రం ఎన్ని రెట్లు ఉన్నా ఇవ్వకు. అలమారు జిగురు పెట్టిన రోజు ఎనిమిది క్లాంపులు ఉన్నవాడికి పన్నెండు కావాలి.

ఉంచుకున్నవాటిని ఎలా దాచాలో కూడా చెప్తాను, ఎందుకంటే మాది కాకినాడ దగ్గర, ఉప్పుగాలి. వానాకాలం ఒక్కటి దాటేసరికి పేపర్లో చుట్టిన బ్లేడు మీద పేపర్ మడతల ఆకారంలోనే తుప్పు పట్టడం చూశాను. పేపర్ తేమని పీల్చి ఇనుముకే అంటిస్తుంది. పల్చగా మెషీన్ నూనె రాసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టు. వంటనూనె రాయకు, కొన్నాళ్ళకి జిడ్డు గట్టిపడి బంకలా తయారవుతుంది. బిట్లు ఒకదానికొకటి తగలకుండా చెక్కలో రంధ్రాలు వేసి నిలబెట్టు. కార్బైడ్ గట్టిది గానీ పెళుసు, బిట్‌కి బిట్ తగిలితే అంచు పెచ్చు లేచిపోతుంది.

నీ ప్రశ్నలో ఇంకో మాట ఉంది, "పెదనాన్న చేతి సామాను కదా, అమ్మితే ఆయన బాధపడతారేమో" అని. పెదనాన్నగారు ఆ సామాను నీకు ఇచ్చింది పని జరగాలని. ఆయన్ని ఒకరోజు షెడ్డుకి పిలిచి, నీకు సరిపోనివి ముందు పెట్టి, ఎవరికి ఇద్దామో ఆయన్నే అడుగు. ఆయన దగ్గర పని నేర్చుకుని సొంతంగా మొదలుపెట్టిన కుర్రాళ్ళు ఉండే ఉంటారు. ఏ మెషీన్‌కి ఏది సరిపోతుందో చీటీ రాసి కట్టి మరీ ఇవ్వు, లేకపోతే మన తలనొప్పి వాళ్ళకి అంటించినట్టు అవుతుంది. దసరాకి ఎలాగూ పనిముట్లన్నీ కడిగి బొట్టు పెడతాం కదా, నేను ఏటా ఆ ముందు రోజే పెట్టెలు విప్పి లెక్క చూసుకుంటాను. ఏడాదిగా ముట్టుకోని రెండో సామాను ఏదైనా కనపడితే దానికి అక్కడే చీటీ కట్టేస్తాను.

ప్రస్తుతానికి బ్లేడ్లు ఏవీ బిగించకు. నీ షాఫ్ట్ మందం, వెనక రేకు మందం, ట్రిమ్మర్ కోలెట్ సైజు, ఈ మూడూ వెర్నియర్‌తో కొలిచి రాయి. బ్లేడ్ల మీద రాసి ఉన్న అంకెలు కూడా ఫోటో తీసి పెట్టు, ఏది ఎటు వెళ్ళాలో ఒక్కోటిగా చూసి చెప్తాను.